పేరొక్కటే సరిపోదు: స్కాట్లాండ్ నుంచి ఆస్ట్రేలియాకు వెళ్లిన పూర్వీకులను వెతకడం ఎలా?

మెల్‌బోర్న్ నగరంలో ఒక పెద్దావిడ ఉన్నారనుకుందాం. ఆమె ముత్తాత తండ్రి పేరు డొనాల్డ్ మెక్‌లాయిడ్. ఆయన 1850లలో స్కాట్లాండ్‌లోని స్కై దీవి నుంచి ఓడలో వచ్చాడని ఇంట్లో చెప్పుకుంటారు. అంతకుమించి ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె స్కాట్లాండ్ పాత రికార్డుల్లో ఆ పేరు వెతికితే ఒక్కరు కాదు, చాలామంది డొనాల్డ్ మెక్‌లాయిడ్‌లు బయటపడతారు. స్కై దీవిలో వాడుకలో ఉన్న ఇంటిపేర్లు కొద్ది, పిల్లలకు పెట్టే పేర్లు ఇంకా కొద్ది. ఒకే వయసు, ఒకే ఊరు, భార్య పేరు కూడా ఒకటే అయిన ఇద్దరు కనిపించినా ఆశ్చర్యం లేదు. మరి వీళ్లలో ఆమె పూర్వీకుడు ఎవరు?

ఇక్కడ పొరబడితే ఆ పైన రాసుకునేదంతా పొరపాటే అవుతుంది. పరాయివాళ్ల తల్లిదండ్రులు, తాతముత్తాతలు మన వంశవృక్షంలోకి వచ్చి చేరతారు. దాన్ని చూసి బంధువులు తమ వంశవృక్షాల్లోకి ఎక్కించుకుంటారు. పదిమంది రాసుకున్నారు కాబట్టి అది నిజమనిపిస్తుంది. అందుకే వంశచరిత్ర అన్వేషణలోనూ శాస్త్రీయ పద్ధతి కావాలి. దొరికిన పేరు ఒక ఊహ మాత్రమే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు ఒకే మాట చెప్పినప్పుడు ఆ ఊహకు బలం వస్తుంది.

వాళ్లు ఎందుకు వెళ్లారు?

రికార్డులు ఎక్కడ ఉంటాయో తెలియాలంటే, ముందు వలస ఎలా జరిగిందో తెలియాలి. స్కాట్లాండ్ ఉత్తర, పశ్చిమ భాగాల్లోని కొండ ప్రాంతాన్ని హైలాండ్స్ అంటారు. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి అక్కడి భూస్వాములు గొర్రెల పెంపకం లాభదాయకమని కౌలుదారులను భూముల నుంచి ఖాళీ చేయించారు. లోయల్లోని ఊళ్లకు ఊళ్లే మాయమయ్యాయి. తీరానికి చేరినవాళ్లు చిన్న కమతాల్లో బంగాళాదుంప పండించుకుని బతికారు. 1846లో ఆ పంటకు తెగులు సోకింది. ఏళ్ల తరబడి కరవు వచ్చింది.

అదే కాలంలో ఆస్ట్రేలియాలో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంది. 1851లో అక్కడ బంగారం బయటపడగానే గొర్రెల కాపరులు మందలను వదిలి గనుల వైపు పరుగుతీశారు. ఉన్ని వ్యాపారులకు పనివాళ్లు కరవయ్యారు. అలా స్వదేశంలో ఏ గొర్రెల కోసం నేల పోగొట్టుకున్నారో, ఆ గొర్రెలనే కాయడానికి హైలాండ్స్ జనం సముద్రం దాటారు.

వీరిని పంపడానికి 1852లో హైలాండ్ అండ్ ఐలాండ్ ఎమిగ్రేషన్ సొసైటీ ఏర్పడింది. 1857 వరకు అది దాదాపు 5,000 మందిని ఆస్ట్రేలియాకు చేర్చింది. ఆ సొసైటీని నడిపించినవారిలో ముఖ్యుడు సర్ చార్లెస్ ట్రెవెల్యాన్. ఈయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోనివే.

అయితే ఆస్ట్రేలియా చేరిన స్కాట్లాండ్ వాళ్లంతా ఇలా వచ్చినవాళ్లు కారు. 1788 నుంచి 1868 వరకు బ్రిటన్, ఐర్లాండ్‌ల నుంచి శిక్షపడి వచ్చిన సుమారు 1,60,000 మంది ఖైదీల్లో స్కాట్లాండ్‌లో శిక్షపడినవారు దాదాపు 8,000 మంది. సొంత ఖర్చుతో వచ్చిన రైతులు, వ్యాపారులు, చేతిపనివారు కూడా చాలామందే. వచ్చిన తీరును బట్టి వెతకాల్సిన దస్త్రం మారుతుంది.

వెతుకులాట చివరి నుంచి మొదలు కావాలి

చాలామంది చేసే తప్పు నేరుగా స్కాట్లాండ్ రికార్డుల్లోకి దూకడం. తెలిసిన చోటు నుంచి తెలియని చోటికి, అంటే ఆస్ట్రేలియా నుంచి వెనక్కి నడవాలి. మొదట చూడాల్సింది ఆ వలసదారుడి మరణ ధ్రువీకరణ పత్రం.

ఆస్ట్రేలియాలో జనన మరణాల నమోదు ఒక్కో వలస ప్రాంతంలో ఒక్కోసారి మొదలైంది. టాస్మేనియాలో 1838లో, దక్షిణ ఆస్ట్రేలియాలో 1842లో, విక్టోరియాలో 1853లో, న్యూ సౌత్ వేల్స్‌లో 1856లో. విక్టోరియా పత్రాలు వివరాలకు పేరుపొందాయి. చనిపోయిన వ్యక్తి ఎక్కడ పుట్టాడు, తల్లిదండ్రులెవరు, తల్లి పుట్టింటి ఇంటిపేరు ఏమిటి, ఆస్ట్రేలియాకు వచ్చి ఎన్నేళ్లయింది, పిల్లలెవరు, వాళ్ల వయసులెంత అన్నవి అందులో అడిగేవారు.

కానీ ఆ వివరాలు చెప్పిందెవరు? చనిపోయిన మనిషి చెప్పడు కదా! కొడుకో అల్లుడో చెబుతారు. ఆస్ట్రేలియాలో పుట్టిన కొడుకు స్కాట్లాండ్‌లోని నాయనమ్మను ఎన్నడూ చూసి ఉండడు. విన్న పేరు చెబుతాడు, అది తప్పు కావచ్చు. అందుకే పత్రంలో 'సమాచారం ఇచ్చినవారు' అన్న గడిని తప్పక చూడాలి. ప్రతి సమాచారానికీ ఆ సంగతి ఎవరికి స్వయంగా తెలుసు అని ప్రశ్నించడం ఈ అన్వేషణలో మొదటి నియమం.

1855 అనే గీత

స్కాట్లాండ్‌లో ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న తప్పనిసరి అయింది. అక్కడి పత్రాలకు ఒక ప్రత్యేకత ఉంది. మరణ పత్రంలోనూ వివాహ పత్రంలోనూ తండ్రి పేరుతోపాటు తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు రాస్తారు. మన దగ్గర పెళ్లయ్యాక చాలామంది స్త్రీల పుట్టింటి ఇంటిపేరు కాగితాల్లోంచి తప్పుకుంటుంది. స్కాట్లాండ్ రికార్డుల్లో అది నిలిచి ఉండటం వల్ల తల్లి వైపు వంశాన్ని కూడా పట్టుకోవచ్చు. ఇద్దరు డొనాల్డ్‌లను వేరుచేయడానికి తరచుగా పనికొచ్చేది తల్లి పుట్టింటి పేరే.

1855కు ముందు కావాలంటే చర్చి రిజిస్టర్లే దిక్కు. వాటిలో అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ చర్చిది, 1553 నాటిది. అయితే వాటిలో ఖాళీలు ఎక్కువ. 1783 నుంచి 1794 వరకు ప్రతి నమోదుకూ మూడు పెన్నీల పన్ను వేయడంతో చాలామంది పేర్లు రాయించుకోలేదు. 1843లో చర్చి చీలిపోయి, హైలాండ్స్ జనంలో అత్యధికులు ఫ్రీ చర్చి వైపు వెళ్లిపోయారు. ఆ తర్వాత పుట్టిన వాళ్ల పిల్లల పేర్లు పాత చర్చి రిజిస్టర్లలో కనిపించకపోవచ్చు.

జనాభా లెక్కలు మరో ఆధారం. 1841 లెక్కల్లో పేర్లున్నా, పెద్దవాళ్ల వయసును అయిదు గుణిజానికి తగ్గించి రాశారు. 29 ఏళ్ల మనిషికి 25 అని ఉంటుంది. 1851 లెక్కల్లో అసలు వయసు, పుట్టిన పారిష్ పేరు దొరుకుతాయి. ఈ రికార్డులన్నీ స్కాట్లాండ్ ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్కాట్లాండ్స్ పీపుల్'లో ఉన్నాయి.

ఓడ ఎక్కనివాళ్లు చెప్పే సాక్ష్యం

ఇక్కడే ఒక చిక్కు. మన డొనాల్డ్ 1852లో వెళ్లిపోయాడు. 1855 తర్వాతి వివరమైన స్కాట్లాండ్ పత్రాల్లో అతను ఉండడు. దారి మూసుకుపోయినట్టేనా? కాదు. అతనితోపాటు ఓడ ఎక్కనివాళ్లు ఉన్నారు.

డొనాల్డ్ తల్లి 1860లో స్కై దీవిలోనే చనిపోయిందనుకుందాం. ఆమె మరణ పత్రంలో ఆమె తల్లిదండ్రుల పేర్లుంటాయి. అంటే ఒక్క కాగితంతో మరో తరం వెనక్కి వెళ్లగలం. అతని చెల్లెలికి 1858లో పెళ్లయితే, వివాహ పత్రంలో ఆమె తల్లిదండ్రుల పేర్లుంటాయి. ఆ పేర్లు విక్టోరియాలో డొనాల్డ్ మరణ పత్రంలోని పేర్లతో కలిస్తే అది గట్టి రుజువు. ఎందుకంటే వేల మైళ్ల దూరంలో, ఒకరినొకరు చూడని ఇద్దరు ఒకే మాట చెప్పారు. అందుకే ఒక మనిషిని వెతకాలంటే అతని తోబుట్టువులనందరినీ వెతకాలి.

పేర్లు రంగు మారుస్తాయి

హైలాండ్స్ జనం ఇంట్లో మాట్లాడింది గేలిక్ భాష. రాసిన గుమస్తాలు మాత్రం ఇంగ్లిష్‌లో రాశారు. గేలిక్‌లో టొర్మోడ్ అన్న పేరు ఇంగ్లిష్ కాగితంలో నార్మన్ అవుతుంది. గిల్యాస్పిక్ అనేవాడు ఆర్చిబాల్డ్ అవుతాడు. ఈ రెండు రూపాల మధ్య ఉచ్చారణలో పోలికే లేదు. అక్షరాల పోలికతో వెతికే కంప్యూటర్‌కు ఇది అందదు.

పేర్లు పెట్టే ఆనవాయితీ కొంత సాయపడుతుంది. మొదటి కొడుకుకు నాన్న తండ్రి పేరు, రెండో కొడుకుకు అమ్మ తండ్రి పేరు, మొదటి కూతురికి అమ్మమ్మ పేరు, రెండో కూతురికి నాయనమ్మ పేరు పెట్టడం అక్కడ సాధారణం. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇది కొత్త కాదు. డొనాల్డ్ పెద్ద కొడుకు పేరు అలెగ్జాండర్ అయితే, డొనాల్డ్ తండ్రి కూడా అలెగ్జాండర్ అయి ఉండొచ్చని ఊహించవచ్చు. ఇది సూచన మాత్రమే, రుజువు కాదు.

ఇంటిపేరు ఒకటైతే రక్తం ఒకటేనా? అదీ కాదు. క్లాన్ అని పిలిచే వంశ సమూహంలో నాయకుడి బిడ్డలే కాక, అతని నీడన బతికిన జనం కూడా ఆ పేరే పెట్టుకున్నారు. మరోవైపు మెక్‌గ్రెగర్ అన్న పేరును 1603లో ప్రభుత్వం నిషేధించింది. మధ్యలో కొంతకాలం సడలించినా, నిషేధం పూర్తిగా తొలగింది 1774లోనే. ఆ కాలంలో ఎంతోమంది క్యాంప్‌బెల్, మర్రీ వంటి పేర్లతో బతికారు.

ఓడల జాబితాలు

ప్రభుత్వ సాయంతో వచ్చినవారి జాబితాలు ఆస్ట్రేలియా ప్రాంతీయ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. న్యూ సౌత్ వేల్స్‌లో 1848 తర్వాతి బోర్డు జాబితాల్లో వలసదారుడి సొంత ఊరు, తల్లిదండ్రుల పేర్లు, అప్పటికే అక్కడున్న బంధువుల పేర్లు కూడా దొరుకుతాయి. ఎమిగ్రేషన్ సొసైటీ పంపినవారి జాబితా ఎడిన్‌బరోలోని స్కాట్లాండ్ జాతీయ రికార్డుల సంస్థలో ఉంది.

ఈ జాబితాలనూ జాగ్రత్తగా చదవాలి. హెర్క్యులిస్ అనే ఓడ 1852 డిసెంబర్ చివర్లో క్యాంప్‌బెల్‌టౌన్ నుంచి స్కై తదితర దీవుల కుటుంబాలతో బయలుదేరింది. ఓడలో మశూచి, టైఫస్ వ్యాపించాయి. ఐర్లాండ్‌లోని కార్క్ రేవులో నెలల తరబడి నిలిపివేశారు. చాలామంది చనిపోయారు. 1853 ఏప్రిల్‌లో ఓడ మళ్లీ కదిలేసరికి మిగిలినవారిలో ఎంతోమందిని వేరువేరు ఓడల్లోకి పంపించారు. అందుకే ఒక కుటుంబంలోని కొందరు హెర్క్యులిస్ జాబితాలో, మరికొందరు ఇంకో ఓడ జాబితాలో కనిపించవచ్చు. జాబితాలో పేరు లేదని మనిషే లేడనుకోకూడదు.

డీఎన్ఏ ఎంతవరకు చెప్పగలదు?

కాగితాలు ఆగిపోయిన చోట డీఎన్ఏ పరీక్ష పనికొస్తుంది. తండ్రి నుంచి కొడుకుకు మాత్రమే వచ్చే వై క్రోమోజోమ్ దాదాపు మార్పు లేకుండా తరాలు దాటుతుంది. ఇంటిపేరు కూడా సాధారణంగా ఆ దారినే వస్తుంది కాబట్టి, రెండూ కలిసి ప్రయాణించాయో లేదో దీనితో పరీక్షించవచ్చు. మెక్‌గ్రెగర్ల వారసులని అనుమానమున్న వేరే ఇంటిపేర్ల వాళ్లను ఈ పరీక్ష తేల్చగలదు.

మిగతా క్రోమోజోముల డీఎన్ఏ ప్రతి తరంలోనూ సగమవుతుంది. ఒకే తాతనాయనమ్మలున్న పెదనాన్న, చిన్నాన్న బిడ్డలు సగటున ఎనిమిదో వంతు డీఎన్ఏ పంచుకుంటారు. ఒక తరం దూరం జరిగితే అది 32వ వంతు, ఆపై 128వ వంతు. మెల్‌బోర్న్ పెద్దావిడకూ, స్కైలో మిగిలిపోయిన డొనాల్డ్ తమ్ముడి వారసుల్లో ఆమె తరం వాళ్లకూ మధ్య అది సగటున 512వ వంతు. ఇంత దూరపు బంధువుల్లో దాదాపు సగం మందికి పరీక్షలో పోలికే కనిపించదు. అంటే పోలిక దొరికితే ఆధారమే, దొరకకపోతే మాత్రం బంధుత్వం లేదని కాదు. ఇంట్లోని పెద్ద తరం వాళ్లకు పరీక్ష చేయిస్తే ఒక తరం దగ్గరవుతాం, అవకాశం పెరుగుతుంది.

'మీరు ఇంత శాతం స్కాట్లాండ్' అని కంపెనీలు ఇచ్చే అంకెను పట్టుకుని ఊరేగకూడదు. అది ఆ కంపెనీ దగ్గరున్న నమూనాలతో పోల్చి వేసిన అంచనా. నమూనాలు మారితే శాతమూ మారుతుంది. పైగా ఒకరి డీఎన్ఏ వాళ్ల ఒక్కరిదే కాదు, అన్నదమ్ములది, పిల్లలది కూడా. 2023లో ఒక జన్యు పరీక్షల కంపెనీ నుంచి దాదాపు 69 లక్షల మంది సమాచారం బయటికి పోయింది.

దొరికింది నచ్చకపోతే?

పూర్వీకుడు ఖైదీ అని తేలితే ఒకప్పుడు ఆస్ట్రేలియా కుటుంబాలు దాచిపెట్టేవి. ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నాయి. కానీ అన్ని నిజాలూ అంత తేలిక కాదు. స్కై దీవిలో పుట్టి 1838లో ఆస్ట్రేలియా చేరిన ఆంగస్ మెక్‌మిలన్‌ను గిప్స్‌ల్యాండ్ ప్రాంతానికి దారి చూపిన వీరుడిగా చాలాకాలం కీర్తించారు. 1843లో అదే ప్రాంతంలోని వారిగల్ క్రీక్ దగ్గర గునైకుర్నై ఆదివాసులపై జరిగిన మారణకాండలో అతని పాత్ర ఉందని తర్వాతి చరిత్రకారులు చూపారు. ఆయన పేరుమీదున్న పార్లమెంటు నియోజకవర్గానికి 2018లో మోనాష్ అని పేరు మార్చారు. నేల పోగొట్టుకుని వచ్చినవాళ్లే ఇక్కడ మరొకరి నేల మీద స్థిరపడ్డారు. ఒకే వంశవృక్షంలో ఈ రెండు సంగతులూ ఉండవచ్చు.

అందుకే మెల్‌బోర్న్ పెద్దావిడ పని ఒక పేరును కనుక్కోవడంతో ముగియదు. చాలామంది డొనాల్డ్‌లలో ఒకరిని నచ్చి ఎంచుకోవడం తేలిక. చెల్లెలి పెళ్లి పత్రం, తల్లి మరణ పత్రం, ఓడ జాబితా, డీఎన్ఏ పోలిక ఒకే మనిషిని చూపించేదాకా ఆగడం కష్టం. అలా ఆగినవాళ్లకే తమ పూర్వీకుడు దొరుకుతాడు. మిగిలినవాళ్లకు దొరికేది ఎవరో ఒక డొనాల్డ్ మెక్‌లాయిడ్.