నేరస్తుడి సాకు వేరు, నమ్మకం వేరు

అత్యాచారం కేసుల్లో శిక్ష పడి ఢిల్లీ తీహార్ జైలులో ఉన్న వందమందికి పైగా ఖైదీలను పరిశోధకురాలు మధుమితా పాండే ఇంటర్వ్యూ చేశారు. వారిలో చాలామందికి తాము చేసింది అత్యాచారమన్న గ్రహింపే లేదని ఆమె చెప్పారు. ఐదేళ్ళ పాపపై నేరం చేసిన ఒకతను బాధపడుతూనే, బయటికొచ్చాక ఆ పాపనే పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఇక ఆమెను ఎవరూ చేసుకోరు కదా అన్నది అతని లెక్క. ఇందులో బుకాయింపు లేదు, తప్పు ఒప్పుకున్నాడు. పాపకు జరిగిన హాని ఏమిటో మాత్రం అతనికి తెలియలేదు.

ఇలాంటి వాటిని మనస్తత్వ శాస్త్రం ఆలోచనా వక్రీకరణలు అంటుంది. పిల్లలపై లైంగిక నేరాలు చేసినవారి విషయంలో అమెరికా మానసిక వైద్యుడు జీన్ ఏబెల్, ఆయన సహచరులు 1984లో ఈ భావనను ముందుకు తెచ్చారు. ‘పాప వద్దనలేదు’, ‘తాగి ఉన్నాను, నా చేతుల్లో లేదు’ వంటి మాటలన్నీ ఈ కోవలోకే వస్తాయి.

ఈ మాటల వెనుక ఒక లోపలి సిద్ధాంతం ఉంటుందని న్యూజిలాండ్ మనస్తత్వవేత్త టోనీ వార్డ్ 1999లో ప్రతిపాదించారు. ‘కోరుకున్నది పొందే హక్కు నాకుంది’ అన్నది అలాంటి ఒక సిద్ధాంతం. ‘దెబ్బలు తగల్లేదు కాబట్టి హాని జరగలేదు’ అన్నది మరొకటి. సిద్ధాంతం మీద మోజుతో, దానికి సరిపడని కొలతను పరికరం లోపమని కొట్టిపారేసేవారు ప్రయోగశాలల్లోనూ ఉంటారు. ఇక్కడ జరిగేదీ దాదాపు అదే. పాప భయంతో బిగుసుకుపోతే, అతను దాన్ని సమ్మతిగా చదువుకుంటాడు.

అయితే ప్రతి సాకునూ వక్రీకరణ ఖాతాలో వేయడం సరికాదని షాడ్ మరూనా, రూత్ మాన్ 2006లో వాదించారు. తప్పు చేశాక సాకు వెతకడం మనుషులందరికీ ఉన్న అలవాటే. ఆఫీసుకు ఆలస్యమైతే ట్రాఫిక్‌ను తిట్టుకోనిదెవరు? ఈ తేడా చికిత్సలో చాలా ముఖ్యం. నేరాన్ని పూర్తిగా ఒప్పించడమే తొలిమెట్టుగా చాలా కార్యక్రమాలు నడిచాయి. కానీ అనేక అధ్యయనాలను కలిపి విశ్లేషించిన కెనడా పరిశోధకులు, నేరాన్ని నిరాకరించడానికీ మళ్ళీ నేరం చేయడానికీ సంబంధం కనిపించలేదని 2005లో తేల్చారు. నేరాన్ని సమర్థించే నమ్మకాలకు మాత్రం సంబంధం ఉందని 2013 నాటి మరో విశ్లేషణలో తేలింది. అది చిన్నదే అయినా, అధ్యయనాలన్నిటిలో నిలకడగా కనిపించింది.

గురి తప్పితే ఏమవుతుందో ఇంగ్లండ్, వేల్స్ జైళ్ళ అనుభవం సూచిస్తుంది. ఏళ్ళ తరబడి నడిచిన అక్కడి బృంద చికిత్సపై 2017లో మూల్యాంకనం వెలువడింది. చికిత్స పొందిన 2,562 మందిలో 10 శాతం మళ్ళీ లైంగిక నేరం చేశారు. పొందనివారిలో అది 8 శాతమే. ఆ కార్యక్రమాన్ని రద్దు చేశారు. అలాగని చికిత్సే దండగ అనలేం. 2019లో థెరీసా గానన్ బృందం 70 అధ్యయనాలను విశ్లేషించగా, మళ్ళీ లైంగిక నేరం చేసినవారు చికిత్స పొందినవారిలో 9.5 శాతం, పొందనివారిలో 14.1 శాతం. అర్హత గల మనస్తత్వవేత్త మొదటి నుంచి చివరిదాకా ఉన్నచోట ఫలితం మెరుగ్గా ఉంది.

మన దేశంలో 2018లో లైంగిక నేరస్తుల జాతీయ డేటాబేస్ వచ్చింది. 2019లో పోక్సో చట్టానికి మరణశిక్ష చేరింది. చికిత్స గురించిన చర్చ మాత్రం అంతంతే. పైగా నమోదైన అత్యాచారం కేసుల్లో 95 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవారేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. ఆ ఖైదీ చెప్పిన పెళ్ళి లెక్క పంచాయితీల్లో రాజీ మార్గంగా వినిపించేదే. న్యాయస్థానాలూ దీనికి అతీతం కాదు. నిందితుడు బాధితురాలితో రాఖీ కట్టించుకోవాలని ఒక హైకోర్టు బెయిలు షరతు పెట్టింది. 2021 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసి, ఇలాంటి కేసుల్లో పెళ్ళి, రాజీ వంటి సూచనలు చేయవద్దని కింది కోర్టులకు చెప్పాల్సి వచ్చింది.