కొబ్బరి చిప్పని పొయ్యిలో వేసే ముందు

ముక్తేశ్వరం చుట్టుపక్కల కొబ్బరి కాయకి కరువు లేదు. కాయలు అంబాజీపేట మార్కెట్‌కి పోతాయి, పీచు తాడవుతుంది, ఈనెలు చీపురవుతాయి. ఇంట్లో కొట్టుకున్న కాయ చిప్ప మాత్రం ఎక్కువగా పొయ్యిలోకే పోతుంది. అదే చిప్పతో ఇఫ్తార్‌కి ఖర్జూరాలు పెట్టుకునే గిన్నె చేసుకోవచ్చు. మెషిన్ అక్కర్లేదు, ఓపిక కావాలి.

అసలు పని కాయ కొట్టేటప్పుడే మొదలవుతుంది. పచ్చడికి కొట్టినట్టు ఎలా పడితే అలా కొడితే చిప్ప ముక్కలైపోతుంది. బాగా ముదిరిన కాయ తీసుకుని, పీచంతా ఒలిచి, నడుము చుట్టూ గీత గీయండి. కాయని చేతిలో తిప్పుతూ, కత్తి వెనకవైపుతో ఆ గీత మీదే చిన్నచిన్న దెబ్బలు వేయాలి. కాసేపటికి పగులు చుట్టూ తిరిగి, రెండు చిప్పలుగా విడిపోతుంది. కొబ్బరి తియ్యడానికి తొందరపడి కత్తితో పొడవకండి. కొన్ని రోజులు ఎండలో పెడితే కొబ్బరి ముడుచుకుని తనే ఊడి వస్తుంది.

గిన్నెకి కళ్లు లేని చిప్పే పనికొస్తుంది. మూడు కళ్లలో ఒకటి మెత్తన, అక్కణ్ణుంచి కారిపోతుంది. ఆ కన్ను ఉన్న చిప్ప కూడా వృథా కాదు. కన్ను పొడిస్తే నీళ్లు దిగే చిల్లు అవుతుంది, అందులో మట్టి పోసి పుదీనా కొమ్మ గుచ్చుకోవచ్చు.

ఇక రుద్దడం. ముందు చాకు వెనకవైపుతో పీచు గీకి, గరుకు శాండ్ పేపర్‌తో, తర్వాత నున్నటి దానితో రుద్దాలి. చిప్పని తడిపి రుద్దితే పొడి లేవదు. పొడిగా రుద్దితే ముక్కుకి గుడ్డ కట్టుకోండి. లోపల కూడా నున్నగా వచ్చాక ఆరబెట్టి, కొబ్బరి నూనె పట్టిస్తే ముదురు గోధుమరంగు తేలుతుంది. తినే గిన్నెకి వార్నిష్ వద్దు, మెరుపు తగ్గినప్పుడల్లా నూనె రాస్తే చాలు. నిలబడటానికి ఇంకో చిప్ప నుంచి వేలెడు వెడల్పు రింగు హ్యాక్సా బ్లేడుతో కోసి కింద పెట్టండి. కత్తి, బ్లేడు పని పెద్దవాళ్లదే.

గరిటె ఇంకా తేలిక. చిప్ప అంచు కింద ఎదురెదురుగా రెండు చిల్లులు పెట్టి, సన్నటి వెదురు పుల్ల దూరిస్తే సరి. పాతకాలం వంటింట్లో ఉండేది అదే.

బాగా కుదిరితే నలుగురూ అడుగుతారు, అమ్ముదామన్న ఆశా పుడుతుంది. అప్పుడు పక్కనే ఉన్న నరసాపురం లేసు సంగతి తెలిసి ఉండాలి. ఇంట్లో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ల మీద మరియా మీస్ అనే జర్మన్ సోషియాలజిస్ట్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆ లేసు విదేశాలకి పోయేది. అల్లేవాళ్లని మాత్రం ఖాళీగా ఉన్న గృహిణులుగానే లెక్కేశారు, దాంతో కూలీ అంతంతమాత్రమే. చిప్ప ఊరికే దొరికింది కదా అని గిన్నెని చవగ్గా ఇచ్చేస్తే అదే తప్పు మనమూ చేసినట్టు. మొదటి గిన్నెకి ఎన్ని గంటలు పట్టిందో గోడ క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి, ధర ఆ లెక్కతో చెప్పండి.

మీరు రుద్దుతున్నంతసేపూ పక్కన పిల్లలు ఊరుకోరు. ఒక పచ్చి కొబ్బరాకు ఇచ్చి, ఈనె తీసేసి, ఆకుని గొట్టంలా చుట్టి, చివర విడిపోకుండా ఈనె ముక్క గుచ్చి, సన్నటి మొన కాస్త నొక్కి ఊదమనండి. బూర మోగుతుంది, మధ్యాహ్నం నిద్ర సంగతి మాత్రం మర్చిపోవాల్సిందే.