విశాఖను ఊడ్చిన గాలే అన్నపూర్ణ కొండల్లో 43 మందిని బలిగొంది

2014 అక్టోబరు 12, ఆదివారం. మిట్టమధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన గాలి. కైలాసగిరి మీద చెట్లు కూకటివేళ్లతో లేచిపోయాయి. విమానాశ్రయం పైకప్పు చిరిగి వేలాడింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమయ్యాయి. కరెంటు లేక, తాగునీరు లేక జనం పడిన పాట్లు ఇప్పటికీ రచ్చబండల మీద చెప్పుకొంటూనే ఉంటారు. మర్నాటికి గాలి వెలిసింది. పీడ పోయిందనుకుని అందరూ పడిన చెట్లు నరుక్కునే పనిలో పడ్డారు.

పీడ మాత్రం పోలేదు. ఛత్తీస్‌గఢ్ దాటి, తూర్పు ఉత్తరప్రదేశ్ దాటి ఉత్తర దిక్కుకే సాగిపోయింది. దారిలో గాలి జోరు తగ్గింది గాని మోసుకుపోయిన నీరు తగ్గలేదు. పటం తీసి చూస్తే విశాఖకు దాదాపు నిట్టనిలువుగా ఉత్తరాన, సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో, నేపాల్ దేశపు థొరాంగ్ కనుమ కనిపిస్తుంది. అక్టోబరు 14, మంగళవారం నాడు ఆ నీరంతా అక్కడ మంచై కురిసింది. పన్నెండు గంటల్లో నిలువెత్తు మంచు. అన్నపూర్ణ, ధవళగిరి కొండల్లో మొత్తం 43 మంది చనిపోయారు. వారిలో కనీసం 21 మంది అన్నపూర్ణ చుట్టూ నడవడానికి వచ్చిన యాత్రికులు. మిగిలినవారు గైడ్లు, పోర్టర్లు, జడలబర్రెలు కాసుకునేవారు, పర్వతారోహకులు. నేపాలీలతో పాటు భారతీయులు, ఇజ్రాయెల్, కెనడా, పోలండ్ తదితర దేశాలవారు మృతుల్లో ఉన్నారు.

మన దగ్గర నాలుగు రోజుల ముందు నుంచీ రేడియోలో, టీవీలో ఒకటే హెచ్చరికలు. లక్షలాది మందిని తీరం నుంచి తరలించారు. అదే తుపాను రెండు రోజుల తర్వాత అక్కడికి చేరేసరికి, కొండమీద ఉన్నవారిలో చాలామందికి అది వస్తోందన్న కబురే లేదు.

కొండ చుట్టూ రెండు వారాలు

అన్నపూర్ణ అంటే ఒకే శిఖరం కాదు, పెద్ద శిఖరాల గుంపు. అన్నింటిలోకి ఎత్తయినది 8,091 మీటర్లు. ప్రపంచంలోని ఎత్తయిన శిఖరాల్లో అది పదవది. ఎనిమిది వేల మీటర్లు దాటిన కొండల్లో మనిషి మొదట ఎక్కింది దీన్నే. 1950 జూన్ 3న ఫ్రాన్సు దేశస్థులు హెర్జోగ్, లాచెనాల్ పైకి చేరారు. దిగి వచ్చేటప్పుడు వారి కాలివేళ్లు, హెర్జోగ్ చేతివేళ్లు కూడా మంచుకు పోయాయి.

ఈ శిఖరాలను ఎక్కకుండా చుట్టూ తిరిగి వచ్చే కాలిబాట ఉంది. 1977లో విదేశీయులకు తెరిచారు. రోడ్లు రాకముందు నడిచినవారికి మూడు వారాలు పట్టేది. ఆ తర్వాత ఒకవైపు మనాంగ్ దాకా, మరోవైపు ముక్తినాథ్ దాకా జీపుదారి పడటంతో పన్నెండు, పద్నాలుగు రోజుల్లో ముగించేస్తున్నారు. ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపామన్న దాన్నిబట్టి 160 నుంచి 230 కిలోమీటర్ల నడక అవుతుంది.

నడక బేసిసహర్ దగ్గర మొదలవుతుంది. అది 800 మీటర్ల ఎత్తు కూడా లేని ఊరు. చుట్టూ వరిమళ్లు, అరటిచెట్లు. మన అరకు దారిలో నడుస్తున్నట్టే ఉంటుంది. మర్స్యాంగ్ది నది పక్కనే పైకి సాగాలి. వేలాడే వంతెనలు, జలపాతాలు, మెట్లమెట్ల పొలాలు. చామే ఊరు దగ్గరకొచ్చేసరికి వరి పోయి దేవదారు చెట్లు వస్తాయి. పీసాంగ్‌కు ముందు ఒక నున్నటి రాతిగోడ ఆకాశం దాకా వంగి లేచి ఉంటుంది. చనిపోయినవారి ఆత్మలు దానిమీదుగానే పైకి పోతాయని అక్కడి గురుంగుల నమ్మకం. ఆపైన వానపడని నేల. మట్టి మిద్దెలు, బార్లీ, కుట్టు పంటలు, జడలబర్రెలు, గాలికి రెపరెపలాడే ప్రార్థన జెండాలు.

సామాను మోసే పోర్టర్ల సంగతి చెప్పుకోవాలి. మన ఏజెన్సీలో కావడి భుజాన వేసుకుంటారు. అక్కడ వెదురుబుట్టకు కట్టిన పట్టీని నుదుటికి తగిలించుకుని వంగి నడుస్తారు. బుట్టను డోకో అని, పట్టీని నామ్లో అని అంటారు. 30 కిలోలకు మించి మోయించరాదన్న నియమం ఉంది. అంతకు మించి మోసేవారూ కనిపిస్తూనే ఉంటారు. యాత్రికుడి ఒంటిమీద వేల రూపాయల కోటు ఉంటే అతని మూట మోసేవాడి కాలికి పలచటి బూట్లు. చలి ఇద్దరికీ ఒకటే కదా!

మనాంగ్‌లో ఆగాలి

మనాంగ్ ఊరు 3,540 మీటర్ల ఎత్తున ఉంది. ఎదురుగా గంగాపూర్ణ హిమనది, దాని కింద పచ్చటి చెరువు. ఇక్కడ ఒకరోజైనా అదనంగా ఉండాలి. ఊరు అందంగా ఉందని కాదు, ఒంట్లో నెత్తురు ఆ గాలికి అలవాటు పడాలని. థొరాంగ్ కనుమ 5,416 మీటర్లు. అక్కడి గాలిలో మనిషికి అందే ప్రాణవాయువు విశాఖ బీచిలో అందే దానిలో సగమే. కింది నుంచి గబగబా ఎక్కినవాడికి తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. దాన్ని లెక్కచేయకుండా ఇంకా ఎక్కితే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరుతుంది. అప్పుడు ఒక్కటే మందు, కిందికి దిగడం. పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని మూడు వేల మీటర్లు దాటిన దగ్గర నుంచీ గైడ్లు పాటించే లెక్క. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ అనే సంస్థ మనాంగ్‌లో సీజన్‌లో వైద్యశిబిరం నడుపుతుంది. డాక్టర్లు యాత్రికులను కూర్చోబెట్టి ఈ సంగతులన్నీ చెబుతారు.

మంచి గైడు పని ఇక్కడే తెలుస్తుంది. దారి చూపడం పెద్ద పని కాదు, బాట కనిపిస్తూనే ఉంటుంది. పొద్దున్నే ఎవరు ఎంత తిన్నారు, ఎవరు మాట తడబడుతున్నారు అని అతను చూస్తాడు. అనుమానం వస్తే నేలమీద గీత గీసి, మడమకు వేలు ఆనించి నడవమంటాడు. తూలితే ఆ మనిషి ఇక పైకి పోరాదు. తాను బాగానే ఉన్నానని యాత్రికుడు ఎంత వాదించినా సరే. పైకి పోయేకొద్దీ తాను బాగోలేనని తెలుసుకునే తెలివే మొదట పోతుందట.

మనాంగ్ తర్వాత యాక్ ఖర్కా, థొరాంగ్ ఫేదీ, దానిపైన హైక్యాంపు. అక్కడి నుంచి తెల్లవారుజామున నాలుగు గంటలకే దీపాలు పెట్టుకుని బయల్దేరుతారు. పొద్దెక్కితే కనుమ మీద ఈదరగాలి నిలబడనివ్వదు. మూడు నాలుగు గంటల ఎక్కుడు. కనుమ మీద జెండాలు, ఒక చిన్న టీ దుకాణం. అటువైపు ముక్తినాథ్ దాకా 1,600 మీటర్లకు పైగా ఒక్కపూటలో దిగాలి. మోకాళ్లు పట్టు తప్పే దిగుడు అది.

ఆ మంగళవారం

అక్టోబరు మధ్యకాలం అక్కడ నడకకు మంచి సీజన్. ఆకాశం నీలంగా, శిఖరాలు కడిగినట్టు ఉంటాయి. అందుకే ఆరోజు కొండమీద వందలాది మంది ఉన్నారు. తెల్లవారకముందే మంచు పడుతోంది. కొందరు ఆగారు. సీజన్‌లో ఇలాంటి మంచు ఎంతసేపులే అని చాలామంది బయల్దేరారు. వెనక్కి పోతే విమానం టికెట్టు పోతుంది, సెలవులు అయిపోతాయి. ముందువాడు పోతున్నాడు కాబట్టి వెనకవాడూ పోయాడు.

కనుమ చేరేసరికి ఎదుటి మనిషి కనిపించని స్థితి. చలికి తట్టుకోలేక జనం ఆ చిన్న టీ దుకాణంలోకి తోసుకుపోయారు. లోపల పట్టనివారు బయట గోడకు ఆనుకుని నిలబడ్డారు. మధ్యాహ్నం దాటాక అక్కడ ఉండటమా, దిగడమా అన్న మీమాంస వచ్చింది. కొందరు ఆ రాత్రి దుకాణంలోనే ఒకరినొకరు ఆనుకుని గడిపి బతికారు. దిగడానికి బయల్దేరినవారిలో చాలామందికి బాట దొరకలేదు. నడుం లోతు మంచులో చీకటి పడింది. మరునాడు ఆకాశం ఎప్పటిలా నీలంగా తేలింది. ముక్తినాథ్ పైన ఉన్న ఏటవాలులో సైనికులు మంచు తవ్వి శవాలు తీశారు. నేపాల్ సైన్యం, స్థానికులు కలిసి హెలికాప్టర్ల మీద, భుజాల మీద 500 మందికి పైగా కిందికి చేర్చారు. వేళ్లు నల్లబడిపోయినవారు వారిలో ఎందరో. ధవళగిరి బేస్ క్యాంపు వద్ద మంచుచరియ కింద పడి పర్వతారోహకులు, వారి గైడ్లు చనిపోయారు.

తుపాను ప్రభావంతో వానలు పడతాయన్న సూచన నేపాల్ వాతావరణ శాఖ దగ్గర ఉంది. అది కొండమీది బసలకు, గైడ్ల చెవికి చేరే దారి లేకపోయింది. ముందస్తు హెచ్చరికల ఏర్పాటు అవసరమని అప్పటి ప్రధాని సుశీల్ కొయిరాలా ఆ వెంటనే ఒప్పుకొన్నారు.

అయితే ఇది మొదటిసారి కాదు. 1995 నవంబరులో బంగాళాఖాతం తుపాను ఒడిశా దక్షిణ తీరాన్ని తాకిన వెంటనే ఎవరెస్టు ప్రాంతంలోని గోక్యో లోయలో భారీ మంచు పడింది. పాంగా అనే చోట రాత్రి నిద్రలో ఉన్నవారి మీద మంచుచరియ విరిగిపడి 13 మంది జపాన్ యాత్రికులు, వారి వెంట వచ్చిన నేపాలీ పనివారు చనిపోయారు. పందొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ అదే కథ. కోస్తాలో తుపాన్ల నెలలు, హిమాలయాల్లో నడక నెలలు ఒకటే కావడం దీనికి మూలం. వాన వెలిసి ఆకాశం తేటపడే అక్టోబరు, నవంబరుల్లోనే బంగాళాఖాతం ఉడుకుతుంది.

గైడు ఉంటే చాలా?

ఒంటరిగా తిరిగి తప్పిపోయేవారు ఎక్కువయ్యారని నేపాల్ టూరిజం బోర్డు 2023 ఏప్రిల్ 1 నుంచి విదేశీ ట్రెక్కింగు యాత్రికులు లైసెన్సు ఉన్న గైడును వెంట తీసుకోవాలని నియమం పెట్టింది. ఎవరెస్టు వైపు స్థానిక పాలకులు దీనికి ఒప్పుకోలేదు. నియమం మంచిదే. కాని 2014లో గైడ్లు ఉన్న బృందాల్లోనూ మనుషులు పోయారు, గైడ్లూ పోయారు. ఆగుదామని చెప్పే గైడు కావాలి, చెబితే వినే యాత్రికుడూ కావాలి. గైడుది రోజుకూలీ బతుకు. సగం దారిలో వెనక్కి తిప్పితే కంపెనీ సణుగుతుంది, యాత్రికుడు చేతిలో పెట్టే బహుమానం తగ్గుతుంది. ఆ భయం లేకుండా ‘రేపు కదలం’ అనగలిగేలా ముందే మాట చేసుకున్నవారికి కొండ మీద కాస్త నిబ్బరం.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు నేపాల్‌లో కథ కొంత మారింది. కొండల్లోకి పోవద్దని యాత్రికులకు అధికారులు ముందుగానే హెచ్చరికలు పంపారు.

తెలుగువారికి ఈ దారి కొత్తేమీ కాదు. పూజగదిలోని సాలగ్రామాలు పుట్టేది కనుమకు అటువైపు పారే కాళీగండకీ నదిలోనే. 3,700 మీటర్లకు పైన ఉన్న ముక్తినాథ్ వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. 108 ధారల కింద వణుకుతూ స్నానం చేసి వచ్చే ఆంధ్ర భక్తులు ఏటా ఉంటారు. వీరిలో అత్యధికులు పోఖరా నుంచి జీపులోనో, జోమ్‌సోమ్ దాకా చిన్న విమానంలోనో వెళతారు. జీపులో ఒకేరోజు అంత ఎత్తుకు ఎక్కే పెద్దవయసువారికి కూడా తలనొప్పి, ఆయాసం ముప్పు తప్పదు.

నడిచి చుట్టి రావాలనుకునేవారు గోరఖ్‌పూర్ దాకా రైల్లో వెళ్లి, సునౌలీ వద్ద సరిహద్దు దాటి పోఖరా బస్సు ఎక్కవచ్చు. భారతీయులకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఉండాలి. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతపు అనుమతి పత్రం తీసుకోవాలి. సార్క్ దేశాలవారికి రుసుం తక్కువ. తిరుగు టికెట్టుకు ముందు మూడు నాలుగు ఖాళీ రోజులు ఉంచుకోవాలి. మనాంగ్ నుంచి పైకి కదిలే ముందు ఇంటికి ఫోను చేసి, బంగాళాఖాతంలో వాయుగుండం ఏమైనా ఉందా అని అడగాలి. ఉందంటే అక్కడే ఆగిపోవాలి.