ట్యాబ్ అందరిదీ, లాగిన్ ఎవరిది?

బందరులో కాలేజీ ఆఫీసుకు వెళ్లినా, గుడివాడలో ఆసుపత్రి కౌంటరుకు వెళ్లినా బల్లమీద అందరూ వాడే ట్యాబ్ ఒకటి కనిపిస్తుంది. పొద్దున బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి మళ్లీ లాగిన్ అడుగుతుంది. దానికి తలా ఒక కారణం చెబుతారు.

అపోహ: సిగ్నల్ అందడం లేదు, బూస్టర్ పెట్టాలి.
వాస్తవం: ట్యాబ్ మీద గీతలు నిండుగా ఉన్నాయా? అయితే బూస్టర్ దండగ. లాగిన్ పేజీ ఉన్న వైఫైకి సాధారణంగా ఇన్ని గంటలని గడువు ఉంటుంది. అది తీరగానే బయటికి పంపేస్తుంది.

అపోహ: మేనేజరుగారి ఫోనుకు వచ్చే ఓటీపీ కొడితే సరిపోతుంది.
వాస్తవం: అన్నిటికన్నా చెడ్డ అలవాటు ఇదే. ఆ ట్యాబ్‌లో ఎవరు ఏం చూసినా లెక్క ఆయన పేరు మీదే పడుతుంది. ఆయన సెలవు పెట్టి నాగాయలంక వెళితే ఇక్కడ పని ఆగిపోతుంది. లాగిన్ పేజీ పెట్టింది మనుషుల కోసం. ట్యాబ్ ఆఫీసు సామాను. బీరువాకు నంబరు వేసి స్టాకు రిజిస్టరులో ఎక్కించినట్టు, దాని మ్యాక్ అడ్రసును, అంటే వైఫైకి ఆ పరికరాన్ని గుర్తుపట్టించే నంబరును, నెట్‌వర్క్‌లో నమోదు చేయించండి. ఇక లాగిన్ అడగకుండా వదిలేస్తుంది.

అపోహ: పెట్టె మీదున్న మ్యాక్ అడ్రసు ఇచ్చేశాం, పని అయిపోయింది.
వాస్తవం: చాలామంది బోల్తా పడేది ఇక్కడే. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి, 2020 నాటి ఐప్యాడ్‌ఓఎస్ 14 నుంచి ఈ పరికరాలు అసలు అడ్రసు దాచి, ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత అడ్రసు చూపుతున్నాయి. మన కదలికలపై నిఘా పెట్టేవారికి దొరక్కుండా చేసిన మంచి ఏర్పాటే, కానీ ఆఫీసులో అడ్డం తిరుగుతుంది. ఆఫీసు వైఫై సెట్టింగ్స్‌లో, ఆ ఒక్కదానికే, ‘డివైస్ మ్యాక్’ ఎంచుకోండి. ఐప్యాడ్‌లో అయితే ‘ప్రైవేట్ వైఫై అడ్రస్’ ఆపండి.

నమోదైతే భద్రమేననీ అనుకోవద్దు. మ్యాక్ అడ్రసు రహస్యం కాదు, తెలిసినవాడు కాపీ కొట్టగలడు. జీతాల ఫైళ్లున్న కంప్యూటర్లకు దూరంగా, పాస్‌వర్డ్ ఉన్న వేరే నెట్‌వర్క్‌లో ట్యాబ్‌ను పెట్టించండి.

అపోహ: ఇక నెట్ పోనే పోదు.
వాస్తవం: కరెంటు పోతే ట్యాబ్ బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంటుంది, రూటరు ఆరిపోతుంది. రూటరుతోపాటు ఫైబర్ పెట్టెనూ ఇన్వర్టరుకు కలపండి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాను వస్తే మాత్రం ఏ సెట్టింగూ ఆదుకోదు. దివిసీమ ఆఫీసులవాళ్లు రసీదు పుస్తకం ఒకటి దగ్గర ఉంచుకోండి.