తాడు పట్టే చెయ్యి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద అచ్చంపేట దాటి ఘాటెక్కితే, నల్లమల తలుపు తట్టే చోట మన్ననూర్. రాత్రి తొమ్మిదైతే అటవీశాఖ చెక్‌పోస్టు గేటు పడుతుంది, మళ్లీ తెల్లారి ఆరింటికే లేస్తుంది. అవతల పులుల అడవి. అందుకే పొద్దుగూకినాక వచ్చిన చుట్టం ఎంత తొందరలో ఉన్నా ఈ ఊళ్లోనే ఆగాలి. పండుగల ముందు మన్ననూర్‌లో ఏ ఇంటి అరుగు చూసినా మూటలూ సంచులూ కనిపిస్తాయి. శివరాత్రికి కాలినడకన శ్రీశైలం పోయే స్వాములు ఒకవైపు, పెంటలు అనే అడవి గూడేల నుంచి దిగి వచ్చిన చెంచు కుటుంబాలు ఒకవైపు, హైదరాబాద్‌లో కూలికో చదువుకో పోయి తిరిగొచ్చిన పిల్లలు మరోవైపు.

సంబంధం మాట ఎత్తేది అప్పుడే. దసరాకో శివరాత్రికో చైత్ర పున్నమి సలేశ్వరం జాతరకో అందరూ కలిసినప్పుడు పిల్ల మేనమామ ఉన్నాడా, పెదనాయన వచ్చాడా చూసుకుని ఒక పెద్దమనిషి గొంతు సవరించుకుంటాడు. "అందరం ఉన్నం గద, మాట అయిపోతే మంచిది." ఈ ఒక్క మాట వెనక ఎంత లెక్క ఉందో బయటివాళ్లకు తెలియదు. అందరినీ మళ్లీ ఒకచోట చేర్చాలంటే బస్సు ఛార్జీలు కావాలి, కూలి రోజులు పోతాయి. ఫోన్ చేసి పిలుద్దామంటే లోపలి పెంటల్లో సిగ్నల్ ఉండదు. పండుగ అన్నది ఇక్కడ సంతోషమూ, సౌకర్యమూ.

మాట ఎత్తగానే మొదట అడిగేది ఇంటిపేరు. నిమ్మల, చిగుర్ల, కాట్రాజు, ఉడతల, మండ్లి, దాసరి. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస, అక్కడితో మాట ఆగిపోతుంది. వేరైతే మేనరికమా, కొత్త చుట్టరికమా అని చూస్తారు. రెండిళ్లలోనూ ఈడైన పిల్లా పిలగాడూ ఉంటే కుండమార్పిడి ఊసూ వస్తుంది. కట్నం మాట చెంచు పెద్దల నోట వినిపించేది కాదు. మగపెళ్లివాళ్లే ఆడపిల్ల ఇంటికి ఓలి ఇవ్వడం పాత పద్ధతి.

ఈ అడవిలో దేవుళ్లు కూడా చుట్టరికంతోనే నిలబడ్డారు. శ్రీశైలం మల్లన్న చెంచులకు అల్లుడు. తమ పిల్లను చేసుకున్నాడు కాబట్టి ఆయన మీద వాళ్లకు చనువు ఎక్కువ. కృష్ణకు అవతల అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని చేపట్టాడు. సంక్రాంతి వెళ్లగానే పారువేట పేరుతో నలభై రోజులకు పైగా ఊరూరా తిరిగి తన కల్యాణానికి తానే పిలుస్తాడు. సలేశ్వరం లోయలో లింగమయ్యకు పూజారులు చెంచులే. జాతరకు దిగే జనం "వస్తున్నం లింగమయ్యా" అని, ఎక్కేటప్పుడు "పోతున్నం లింగమయ్యా" అని కేకేసి చెబుతారు. ఇంటికి వచ్చినట్టు చెప్పి రావడం, చెప్పి పోవడం.

మనుషుల్లో ఈ చుట్టరికం బరువు తెలిసేది తేనె తీసే తాడు దగ్గర. పెద్ద తేనెటీగలు పట్టు పెట్టేది మనిషి చెయ్యి అందని చోట, నిలువు బండల అంచుల కింద. ఆ తేనె తియ్యాలంటే అడవి తీగలతో, చెట్టు నారతో పేనిన తాడును గుట్ట మీద చెట్టుకు బిగించి దిగాలి. కింద వందల అడుగుల లోతు. ఒక చేత పొగ, ఒక చేత పట్టు కోసే కర్ర, ఒళ్లంతా ఈగలు. పైనున్నవాడికి దిగినవాడు కనిపించడు, చేతిలో ఉన్న తాడు బరువే అతని జాడ. ఆ తాడు కాపలాకు ఎవరు నిలబడాలన్నది చెంచుల్లో తరతరాల కట్టడి. సొంత తమ్ముడున్నా సరే, నిలబడేది బావమరిది. తాడు తెగినా జారినా పోయేది తన అక్కాచెల్లెళ్ల బొట్టు కాబట్టి అతను చూపు తిప్పడు.

నిశ్చితార్థమంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పే ఆచారం నాకు మరెక్కడా కనిపించలేదు. ఉంగరం మారినప్పుడు ఇద్దరి గురించే ఆలోచిస్తాం. ఇక్కడ మాట కుదిరిన క్షణం నుంచి ఒక కుర్రాడి ప్రాణానికి ఇంకో ఇంటి కుర్రాడు పూచీ పడుతున్నాడు. కుండమార్పిడి అయితే ఆ పూచీ రెండువైపులా ఉంటుంది, ఈ ఏడు నేను దిగితే నువ్వు పట్టు, వచ్చే ఏడు నువ్వు దిగితే నేను పడతా. పెళ్లికూతురి అన్న పెళ్లికొడుకును ఎగాదిగా చూసేది అందం కోసం కాదు. ఆ చూపులో చాలా బరువుంది.

పూచీ మగపిల్లల మధ్య నడిచినా, ఆడదాని మాటా తక్కువది కాదు. ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ 1940లో ఈ అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి, పెంటల్లో ఉండి, చెంచుల మీద 1943లో పుస్తకం తెచ్చాడు. ఆలుమగలు ఇద్దరూ సమానంగా బతకడం, ఇష్టం లేని కాపురంలో ఆడది కట్టుబడి ఉండక్కర్లేకపోవడం ఆయన గమనించిన సంగతులు. గడ్డలు తవ్వేది ఆమే, ఇప్పపూలు ఏరేది ఆమే. తిండి తెచ్చే మనిషి మాటకు విలువ లేకుండా ఎలా పోతుంది?

ఇప్పుడు మన్ననూర్‌లో ఇతర కులాల ఇళ్లలోనే కాదు, చదువుకున్న చెంచు పిల్లల ఇళ్లలోనూ పూలూపండ్లూ పెట్టుకోవడం, ఫ్లెక్సీ కట్టడం, కేకు కోయడం మొదలైంది. నాకు అందులో తప్పేమీ కనిపించదు. ఆశ్రమ పాఠశాలలో చదివిన అమ్మాయి తన ఫోటో గోడ మీద చూసుకోవాలనుకుంటే చూసుకోనివ్వాలి. పిలగాడి గురించి అడిగే ప్రశ్నలూ మారాయి. అటవీశాఖలో వాచర్‌గా కుదిరాడా, ఫరహాబాద్ సఫారీలో గైడ్‌గా పోతున్నాడా అని ఆరా. తేనె తీస్తాడా అన్న ప్రశ్న పక్కకు జరుగుతోంది. తీసే ఇళ్లు మాత్రం ఇంకా ఉన్నాయి.

ఒక్క విషయంలో పెద్దలతో గట్టిగా పోట్లాడాలనిపిస్తుంది. పండుగకు అందరూ కలిశారు కదా అని పదిహేనేళ్ల పిల్లకు మాట ఖాయం చేసేయడం. పెళ్లి పద్దెనిమిది నిండాకే చేస్తామంటారు. కానీ ఒకసారి మాట అనుకున్నాక ఆ పిల్ల బడికి పోతుంటే "ఇంకా ఎందుకు" అనే నోళ్లు లేస్తాయి, రెండు పండుగలు తిరిగేసరికి చదువు ఆగిపోతుంది. ఆడపిల్ల పెళ్లికి ప్రభుత్వం డబ్బు సాయం చేసే కల్యాణలక్ష్మి 2014 అక్టోబర్ 2న మొదలైనప్పుడు 51,000 రూపాయలు ఇచ్చేవారు, 2018 నుంచి అది 1,00,116 అయింది. పెళ్లికూతురికి పద్దెనిమిది నిండితేనే ఆ డబ్బు. పెంటల్లో పుట్టిన పిల్లలకు పుట్టినరోజు కాగితం ఉండకపోవచ్చు, ఆధార్‌లో పడ్డ తేదీయే వయసైపోతుంది. ఇప్పుడు సంబంధం మాట్లాడేచోట "ఆధార్ తెండి" అనే మాట వినిపిస్తోందంటే అది మంచికే. ఇంకో మెట్టు ఎక్కి, పద్దెనిమిది నిండకముందు మాట కూడా అనుకోవద్దని కులపెద్దలే కట్టడి చేస్తే బాగుంటుంది. బావమరిదే తాడు దగ్గర నిలవాలని కట్టడి చేసినవాళ్లకు ఇది చేతకానిది కాదు.

రెండో సంగతి ప్రభుత్వానిది. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. దాని లోపలి పల్లెలను ఖాళీ చేయించే పని నడుస్తోంది. సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి చోట్ల నుంచి అడవి బయట పెద్దకొత్తపల్లి మండలం బాచారం వైపు తరలించే ఏర్పాట్లు, కుటుంబానికి 15 లక్షల రూపాయలు, లేదంటే భూమీ ఇల్లూ. ఇష్టపడి పోయేవాళ్లను ఆపక్కర్లేదు. బడి, ఆస్పత్రి, కరెంటు ఎవరికి వద్దు? కానీ తరలింపు జాబితాలో కుటుంబం అంటే ఆలుమగలూ పిల్లలూ. బావ ఒకచోట, బావమరిది ఇంకోచోట పడితే ఆ నష్టం రాయడానికి ఏ ఫారంలోనూ గడి లేదు. అటు పోయిన పిలగాడికి ఇటువైపు పిల్లనిచ్చేందుకు తల్లి వెనకాడితే ఆమెను తప్పుపట్టలేం. జ్వరమొచ్చినా కాన్పయినా రాత్రికి రాత్రి పోయి చూసే దారి ఆమెకు లేదు, మధ్యలో గేటుంది.

తరలింపు తప్పదనుకుంటే ఇచ్చిపుచ్చుకున్న ఇళ్లన్నిటినీ పక్కపక్కనే కట్టాలి. ఏ ఇంటికి ఏ ఇల్లు వియ్యమో చెప్పగల ముసలివాళ్లు పెంట పెంటకూ ఉన్నారు. గిరిజనుల బాగోగులు చూసే ఐటీడీఏ ఆఫీసు మన్ననూర్‌లోనే ఉంది. శివరాత్రికో సలేశ్వరానికో ఆ ముసలివాళ్లంతా ఎలాగూ ఊళ్లోకి దిగుతారు. ఆ నాలుగు రోజుల్లో అధికారులు వాళ్ల పక్కన కూర్చుని, వేలిముద్రలకంటే ముందు వరసలు రాసుకోవచ్చు.