మైమరువు ముడులు

వానలు మొగము చాటువేసిన యేట విరాటపర్వము చదివించుట తెలుగునాట తరతరములుగా వచ్చుచున్న వాడుక. నా చిన్ననాట చోడవరమున, చెఱకు ఆకులు ఎండి చుట్టుకొనిపోయిన యొక శ్రావణమున, గుడిమండపములో పురాణము సాగుచుండగా, ఉత్తర గోగ్రహణ ఘట్టమునకు వచ్చిన పౌరాణికుడు చటుక్కున పుస్తకము ప్రక్కనబెట్టి, భుజముమీది కండువానే కవచముగా భావించి, ఒకమారు మోకాళ్లకును ఒకమారు మెడకును తగిలించుకొనుచు మమ్మెల్లర కడుపుబ్బ నవ్వించెను. బృహన్నల వేషముననున్న అర్జునుడు కవచధారణ మెరుగనివానివలె తడబడగా కన్యలు నవ్విరనియు, తుదకు ఉత్తరుడే పూనుకొని ఆతనికి కవచము బిగించెననియు గదా కథ. నవ్వు చల్లారినపిదప నాకొక సందేహము మిగిలినది: కవచమునకు ముందేది, వెనుకేది? దానికెన్ని ముక్కలు, ఏ ముక్కకు ఏమి పేరు?

ఆ సందేహమే పెద్దయైన తరువాత నన్ను నిఘంటువుల చుట్టు త్రిప్పినది. అచ్చతెలుగున కవచమునకు మైమరువని పేరు. మై యనగా మేను, మరువనగా చాటు. జోడు అన్నంతనే నేటివారికి చెప్పులు గుర్తునకు వచ్చును గాని, పూర్వులకు జోడు తొడిగినవాడనగా కవచధారి. సంస్కృతమున అమరసింహుడు క్షత్రియవర్గములో ఈ పేర్లను గుదిగ్రుచ్చినాడు: తనువును కాచునది తనుత్రము, ఱొమ్మును కప్పునది ఉరశ్ఛదము, ఆవరించి యుండునది వర్మము, తలకు తొడుగునది శీర్షణ్యము. నేడు రాజుల పేర్ల చివర వినబడు వర్మ శబ్దము ఈ వర్మమే.

ఇవి యెల్ల పెద్ద మాటలు. చిన్న ముక్కలయందే అసలు రుచి యున్నది. విశ్వామిత్రుని వెంట నడచిన రామలక్ష్మణులను వర్ణించుచు వాల్మీకి ధనుస్సుతోను ఖడ్గముతోను పాటు గోధను, అంగుళిత్రాణమును పేర్కొనెను. గోధ యనగా ఉడుము. బాణము వదలిన క్షణమున వింటినారి వెనుకకు దూకి, విల్లు పట్టిన చేతి ముంజేతిని చఱచును. ఒకటి రెండు దెబ్బలైన ఓర్చుకొనవచ్చును గాని, ప్రొద్దెక్కువఱకు యుద్ధము చేయువాని చేయి వాచి, తోలు రేగి, గురి చెడును. ఆ దెబ్బను తాను తినుటకు ఉడుముతోలు పట్టీ నొకదానిని ముంజేతికి కట్టుకొనువారు గనుక జంతువు పేరే పట్టీకి స్థిరపడినది. రెండవ చేత నారిని లాగు వ్రేళ్లు కోసుకొనిపోకుండ తొడిగినది అంగుళిత్రాణము. జానెడు మేర చేతిలో ఎక్కడ నొచ్చునో అనుభవించినవాడు గాక మరియొకడు ఈ పేర్లు పెట్టజాలడు. కవచపు పేర్లనగా, చక్కగా చూచినచో, మానవుడు తన దేహమున ఎచ్చటెచ్చట ప్రాణభయము గలదో గుర్తించి గీసికొన్న పటమే.

1905లో శామశాస్త్రిగారి చేతికి తాళపత్రములుగా వచ్చి, 1909లో మైసూరున అచ్చయిన కౌటిల్యుని అర్థశాస్త్రము ఈ పటమును మరింత విస్పష్టముగా చూపును. ఆయుధాగారాధ్యక్షుని విధులు చెప్పుచు కౌటిల్యుడు లోహపు వలతో అల్లినవి, లోహపు రేకుతో చేసినవి, నూలుతో కుట్టినవి, ఖడ్గమృగము, ఏనుగు, ఎద్దు మున్నగువాని చర్మముతో చేసినవి అని కవచములను విభజించెను. పిదప అంగములవారిగ లెక్క: తలకు శిరస్త్రాణము, మెడకు కంఠత్రాణము, మొండెమునకు కూర్పాసము, మోకాళ్లవఱకు దిగునది కంచుకము, మడమలవఱకు దిగునది వారవాణము, చేతులు లేనిది పట్టము, చేతివ్రేళ్లకు నాగోదరిక యని శామశాస్త్రిగారి వివరణము. దుస్తులు కొనబోయినపుడు అరచేతులా నిండుచేతులా అని మనము అడుగునట్లే ఆనాటి భటుడును అడిగియుండునేమో!

విజయనగరమును 1520 ప్రాంతమున దర్శించిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, మహానవమి ఉత్సవముల పిదప జరిగిన సేనాప్రదర్శనమున రౌతులు తొడిగిన అంగీలను కన్నులార చూచి వ్రాసినాడు: పైకి పట్టు, మకమలు; లోపల పొరలు పొరలుగా పచ్చితోలు, దానికి బిగించిన లోహపు రేకులు; తలకు మెడదాక దిగు అంచుగల శిరస్త్రాణము, ముఖమునకు వేఱొక రక్ష. తురుష్కుల వెంట పారసీక పదములును వచ్చినవి: ఇనుప కడియముల అంగీ జిరహ్, ముంజేతి రేకు దస్తానా, ఱొమ్మునకు, వీపునకు, రెండు ప్రక్కలకు కట్టు నాలుగు పలకలు చార్ ఆయినా, అనగా నాలుగద్దములు. హైదరాబాదున సాలార్‌జంగ్ మ్యూజియము ఆయుధశాలలో నిలిచి చూచువారికి ఈ మాటలు లోహరూపమున దర్శనమిచ్చును.

ఐరోపా కమ్మరులు మాత్రము 15వ శతాబ్దమున మనిషిని నఖశిఖ పర్యంతము ఉక్కురేకులతో మూసివేసిరి. మిలాను, న్యూరెంబర్గు, ఆగ్స్‌బర్గు నగరములు ఈ పనికి ప్రసిద్ధములు. ఒక నిండు కవచము ఇంచుమించు 20 మొదలు 25 కిలోల బరువుండెడిది. అయినను ఆ బరువు దేహమంతట పంచుకొనిపోవుటచే తొడిగినవాడు తనంతట గుఱ్ఱమెక్కగలిగెడివాడు. రేకు వంగదు, కీలు వంగక తప్పదు. కావున ప్రతి కీలునకు ఒక ముక్క, ప్రతి ముక్కకు ఒక పేరు పుట్టినవి: మెడకు గోర్జెట్, మోచేతికి కూటర్, చేతికి గాంట్లెట్, మోకాలికి పోలీన్, పాదమునకు సాబటన్. ఱొమ్మును వీపును కలిపి కప్పు ఉక్కు భాగమును క్విరాస్ అనిరి. ఆ మాటకు మూలార్థము తోలు. ఉడుము మన పట్టీలో నిలిచినట్లే తోలు వారి యుక్కులో నిలిచినది. భుజమును కాచు పాల్డ్రన్‌ను చూచినప్పుడు మాత్రము మనవారికి పరాయి మాట అక్కఱలేదు. పౌరాణిక నాటకమున సుయోధనుని భుజములపై తళతళలాడు భుజకీర్తులు ఎవరెరుగరు? అచ్చట అది రక్ష, ఇచ్చట అది శోభ.

ఇక కవచములు పోయి చాల కాలమైనది. కాని పత్రిక విప్పినంతనే ఎన్నికల సన్నాహములు, పెండ్లియింట అడుగిడినంతనే పెండ్లి సన్నాహములు. సన్నాహమునకు సంస్కృతమున కవచమనియే యొక యర్థము. నహ్ అను ధాతువునకు కట్టుట, బిగించుట అని భావము. సన్నద్ధుడనగా కవచపు ముడులు బిగించుకొన్నవాడు. పాదమునకు కట్టు ఉపానహము సైతము ఆ ధాతువునుండి పుట్టినదే.

సహజకవచుడైన కర్ణునకు ముడులు లేవు, ముక్కలు లేవు. కావుననే ఇంద్రుడడిగిన నాడు దానిని విప్పుటకు వీలులేక, దేహమునుండి కోసి యీయవలసివచ్చెను. తక్కినవారందఱి కవచములకు ముడులుండెను. వీపుమీది ముడి ఎంతటి వీరునికైనను తన చేతికి అందదు. ఆనాడు మండపమున మేము నవ్విన నవ్వులో ఈ సంగతి నాకు తోచలేదు: కౌరవసేనను చూచి పారిపోనున్న ఆ పిఱికి ఉత్తరుడే, ఒక్క గడియసేపు, గాండీవి వెనుక నిలిచి ముడి బిగించినవాడు.