ఎవరి చీటీ ఎవరి జేబులో?

మా పిస్కాటవేలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి లేని తెలుగు ఇల్లు అరుదు. ఆన్‌కాల్ వారంలో రాత్రి రెండింటికి ఫోన్ మోగితే ఇంటాయన ల్యాప్‌టాప్‌లో వెతికేది ‘ట్రేస్’. బీఎస్సీ చదివిన బుర్ర కదా, అదేమిటో నేనూ తెలుసుకున్నాను.

ఒక రిక్వెస్ట్ ఏయే సర్వర్లు తిరిగిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో చెప్పే జాడే ట్రేస్. దాని గుర్తు 32 అక్షరాల ఐడీ. సర్వర్ల మధ్య దాన్ని ఎలా పంపాలో డబ్ల్యూ త్రీ సీ 2020లో ఖరారు చేసింది.

చిక్కంతా ఒకే సర్వర్ లోపల. టిఫిన్ సెంటర్ వంటగది అనుకోండి. వంటవాళ్లు థ్రెడ్లు, ఆర్డరు చీటీ ట్రేస్ కాంటెక్స్ట్. జావాలో ఆ చీటీ మామూలుగా ‘థ్రెడ్‌లోకల్’లో, అంటే ఎవరి జేబులో వాళ్లకు ఉంటుంది. దోశ పని పక్కవాడికి అప్పగిస్తే చీటీ తనంతట తాను వెళ్లదు. జాడ అక్కడే తెగుతుంది.

ఇంతకన్నా ప్రమాదం మరొకటి. థ్రెడ్ పూల్‌లో అదే థ్రెడ్ పదే పదే పనికొస్తుంది. పాత చీటీ జేబులోనే ఉండిపోతే, తర్వాతి కస్టమర్ పని పాత కస్టమర్ ఖాతాలో పడుతుంది. జాడ తెగితే కనీసం అనుమానం వస్తుంది. తప్పు జాడను మాత్రం నమ్మేస్తాం, సంబంధం లేని టీమ్‌ను నిద్ర లేపుతాం.

అందుకే పని అప్పగించేటప్పుడే కాంటెక్స్ట్‌ను పట్టుకుని, పనిచేసే థ్రెడ్‌లో పెట్టాలి. పని ముగిశాక, మధ్యలో ఎర్రర్ వచ్చినా సరే, తీసేసి మునుపున్నదాన్ని తిరిగి పెట్టాలి. ఓపెన్‌టెలిమెట్రీలో ఇందుకు టాస్క్‌ను ‘ర్యాప్’ చేసే సదుపాయం ఉంది. అక్కడ చీటీ మీద దిద్దుబాట్లు కుదరవు, మార్పు కావాలంటే కొత్త చీటీ రాయాల్సిందే. కాబట్టి ఇద్దరు ఒకేసారి చదివినా గొడవ లేదు.